చివరి కొళాయికి ఒక గేజు

శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి, గ్రామీణ నీటి సరఫరా విభాగం ఇంజనీర్లకు,

అడగాల్సింది మొదటే అడిగేస్తాను, ఎందుకో తర్వాత చెబుతాను. జిల్లాలో సముద్రం పక్కనున్న ప్రతి ఊళ్లో, ప్రతి పాళెంలో పైపు ఎక్కడ ఆగిపోతుందో ఆ చివరి ఇంటి కొళాయికి ఒక ప్రెజర్ గేజు పెట్టించండి. ఎండాకాలంలో, పొద్దున నీళ్లు వదిలిన వేళ, ఊరంతా కొళాయిలు తిప్పి ఉన్నప్పుడు ముల్లు ఎక్కడ నిలబడిందో రాసి, ఆ అంకెను పంచాయతీ ఆఫీసు గోడకు అంటించండి. గేజు ఖరీదు కొన్ని వందల రూపాయలకు మించదు.

సోమవారం అర్జీల్లో మీకు ఈ మాట తగలని వారం ఉండదు: 'సార్, మా వీధికి నీళ్లు ఫోర్సుగా రావడం లేదు.' దానికి మామూలుగా దొరికే జవాబులు మూడు. ఇంకో బోరు వేయిస్తాం, ఇంకో ట్యాంకు కట్టిస్తాం, పెద్ద మోటారు బిగిస్తాం. మూడూ డబ్బుతో కూడిన పనులే, మూడింటికీ శిలాఫలకం వేయొచ్చు. అయితే చాలాచోట్ల లోటు నీళ్లకు కాదు, వాటి వెనకున్న ఒత్తిడికి. ఒత్తిడిని ఎవరూ కొలవరు. జలజీవన్ మిషన్ 2019 ఆగస్టు 15న మొదలైనప్పుడు దేశంలో 3 కోట్ల 23 లక్షల పల్లె ఇళ్లకే కొళాయి ఉండేది, ఇప్పుడు ఆ లెక్క 15 కోట్లు దాటింది. చిన్న పని కాదది, కాదనను. కానీ ఆ లెక్కలో 'పనిచేసే కొళాయి' అంటే మూడు సంగతులు చూస్తారు: మనిషికి రోజుకు 55 లీటర్లు వస్తున్నాయా, నీళ్లు బాగున్నాయా, క్రమం తప్పకుండా వస్తున్నాయా అని. ఎంత తోపుతో వస్తున్నాయన్నది అందులో లేదు. ఆ నాలుగోది లేకపోతే ముందటి మూడూ ఎలా చెడిపోతాయో చెప్పడానికే ఈ ఉత్తరం.

ఇంజనీర్లకు తెలియనిది నేనేమీ చెప్పబోవడం లేదు. ఇది బహిరంగ లేఖ కాబట్టి మా ఊరివాళ్లూ చదువుతారు, వాళ్ల కోసం కాస్త మొదటినుంచీ వస్తాను.

నీటికి ఫోర్సు ఇచ్చేది ఎత్తు. పది మీటర్ల ఎత్తున నిలిచిన నీరు తన అడుగున ప్రతి చదరపు సెంటీమీటరు మీదా దాదాపు ఒక కిలో బరువు మోపుతుంది. లక్ష లీటర్ల ట్యాంకయినా అంతే, బొటనవేలు లావు పైపును నిలువునా నింపి పెట్టినా అంతే. ఈ సంగతి 1586లోనే సైమన్ స్టెవిన్ అనే ఫ్లెమిష్ ఇంజనీరు తేల్చి పుస్తకంలో పెట్టాడు. నాలుగువందల ఏళ్లు దాటినా మన గ్రామసభల్లో 'ట్యాంకు చిన్నదైపోయింది, అందుకే ఫోర్సు లేదు' అనే మాట మాత్రం పోలేదు. ట్యాంకు పెద్దదైతే నీళ్లు ఎక్కువసేపు వస్తాయి, అంతే. ఫోర్సు కావాలంటే దాని కాళ్లు పొడుగ్గా ఉండాలి.

ఉదయగిరి వైపు ఊళ్లకు పక్కనే కొండలున్నాయి. గుట్ట మీద ఒక తొట్టి కట్టుకుంటే ఎత్తు ఊరికే వస్తుంది. తుమ్మలపెంట, జువ్వలదిన్నె, ఇస్కపల్లి, రామతీర్థం, మైపాడు, కోడూరు, కృష్ణపట్నం... ఈ వరస మొత్తం సముద్రమట్టానికి కొద్ది మీటర్ల పైన పరిచిన ఇసుక. ఇక్కడ ఎత్తు అంటే మనం సిమెంటు, కడ్డీ పెట్టి కట్టుకున్నదే. సాధారణంగా మన ఓవర్‌హెడ్ ట్యాంకు పన్నెండు మీటర్ల కాళ్ల మీద ఉంటుంది. అంటే ఊరికున్న ఒత్తిడి ఆస్తి పన్నెండు మీటర్లు. ట్యాంకు నిండుగా ఉంటే ఇంకో రెండు మూడు మీటర్లు కలుస్తాయి, ఖాళీ అయ్యేకొద్దీ అవీ పోతాయి. ఆ పన్నెండులోనే పైపు తన వాటా తీసుకోవాలి, మలుపులూ వాల్వులూ తీసుకోవాలి, మిగిలింది చివరి ఇంటికి. పట్టణాల నీటి సరఫరాకు కేంద్రం 1999లో తెచ్చిన సీపీహెచ్‌ఈఈఓ మాన్యువల్ ప్రకారం ఒంటి అంతస్తు ఇళ్ల దగ్గర 7 మీటర్లు, రెండంతస్తులకు 12, మూడంతస్తులకు 17 మీటర్లు మిగలాలి. పట్టణం కొలత పాళెంలోనూ అక్షరాలా ఉండాలని నేను పట్టుబట్టను. అందులో సగం ఉన్నా మా ఆడవాళ్లు సంతోషిస్తారు.

పైపు తన వాటా ఎంత తీసుకుంటుందన్న దగ్గరే అసలు కథ ఉంది. ఇక్కడ కాస్త ఓపిక పట్టండి, అంకెలొస్తాయి.

ట్యాంకుకు కిలోమీటరు దూరంలో వెయ్యిమంది ఉన్న పట్టపుపాళెం, అంటే జాలర్ల పల్లె, ఒకటి అనుకుందాం. ఇలాంటివి మన తీరం పొడుగునా ఉన్నాయి. మనిషికి 55 లీటర్ల చొప్పున వాళ్లకు రోజుకు 55 వేల లీటర్లు కావాలి. పైపు లోపలి వ్యాసం 80 మిల్లీమీటర్లు, కొత్త ప్లాస్టిక్ పైపు, నున్నగా ఉంది. ఈ 55 వేల లీటర్లనూ పొద్దున రెండు గంటల్లో ఇచ్చేయాలంటే సెకనుకు ఏడున్నర లీటర్లకు పైగా పారాలి. ఇంజనీర్లు రోజూ వాడే హేజెన్-విలియమ్స్ సూత్రంలో ఈ అంకెలు వేస్తే ఆ కిలోమీటరులో పైపు రాపిడికే దాదాపు 30 మీటర్ల ఎత్తు ఖర్చవుతుంది. మన దగ్గరున్నది పన్నెండు. అంటే ఆ నీళ్లు పాళేనికి ఆ రెండు గంటల్లో చేరనే చేరవు. ఇప్పుడు అదే ట్యాంకు, అదే పైపు, అవే 55 వేల లీటర్లు రోజంతా వదిలి చూడండి. అందరూ ఒక్కసారి వాడుకునే వేళల కోసం సగటుకు మూడింతలు లెక్క కట్టినా సెకనుకు రెండు లీటర్లు దాటదు. అప్పుడు రాపిడికి పోయేది రెండు మీటర్ల పైచిలుకు. తొమ్మిది మీటర్లకు పైనే చివరి వీధి దాకా వస్తుంది.

పైపు మార్చలేదు, ట్యాంకు ఎత్తు పెంచలేదు, ఒక్క చుక్క ఎక్కువ తోడలేదు. గంటలు మారాయి, అంతే.

ఇలా ఎందుకవుతుందంటే, ప్రవాహం రెట్టింపైతే రాపిడి రెట్టింపు కాదు, దాదాపు మూడున్నర రెట్లవుతుంది. వ్యాసం లెక్క ఇంకా కఠినం: పైపు వ్యాసం సగానికి తగ్గితే అవే నీళ్లకు నష్టం సుమారు ఇరవై తొమ్మిది రెట్లు. మరోవైపు 80 బదులు 100 మిల్లీమీటర్ల పైపు వేస్తే నష్టం మూడోవంతుకు పడిపోతుంది. ఎస్టిమేటులో నాలుగు రాళ్లు మిగల్చడానికి పైపు ఒక సైజు తగ్గించే చేతికి ఈ సూత్రం తెలిసే ఉంటుంది. తెలిసీ తగ్గించడానికి ధైర్యమెక్కడిదంటే, చివరి వీధిలో ఒత్తిడిని కొలిచేవాడు లేడు గనక.

ఇక మోటార్ల సంగతి. నీళ్లు వచ్చేది రెండు గంటలే. ఫోర్సు లేదు. ఎవరికైనా ఏం తోస్తుంది? కొళాయి పైపుకే అర హార్స్‌పవర్ మోటారు తగిలించి సంపులోకి లాగేసుకోవడం. అలాంటి మోటారు నిమిషానికి ముప్పై లీటర్ల దాకా లాగగలదు. అంటే సెకనుకు అర లీటరు. ట్యాంకు దగ్గరి వీధిలో పదిహేను మోటార్లు ఒకేసారి ఆడితే, పై లెక్కలో పాళెం మొత్తానికీ పోవాల్సిన ఏడున్నర లీటర్లూ అక్కడే సరి. నీళ్లు పుట్టించే శక్తి మోటారుకు లేదు, పక్కింటి నీళ్లను తిప్పుకునే శక్తి ఉంది. దాన్ని చూసి పక్కింటివాళ్లు ముప్పావు హార్స్‌పవర్ది కొంటారు. చివరి వీధివాళ్లు కొన్నా లాభం లేదు, వాళ్ల దాకా వచ్చేసరికి లైనులో గాలే ఉంటుంది. కొళాయి తిప్పితే ముందు బుస్సుమని గాలి, తర్వాత కాసిని ఎర్రనీళ్లు, ఆ తర్వాత సన్నటి ధార. 'మా ఇంటికాడికి వచ్చేలోపే అయిపోతాయి సార్' అని వాళ్లు చెప్పేది అతిశయోక్తి కాదు, హేజెన్-విలియమ్స్ లెక్కే.

హైదరాబాదు జలమండలి 2025 ఏప్రిల్‌లో కొళాయి లైన్లకు బిగించిన మోటార్లు పట్టుకుని, ఐదువేల రూపాయల జరిమానా వేయడం మొదలుపెట్టింది. పల్లెల్లోనూ అదే చేయమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. చేయండి, వద్దనను. కానీ రెండు గంటల సరఫరా అలాగే ఉంచి మోటారు ఒక్కటే పట్టుకుపోతే, వారం తిరక్కుండా ఇంకోటి వస్తుంది. మోటారు మనిషి దురాశ వల్ల వచ్చిందని తేల్చేయడం తేలిక. నాకు మాత్రం అది భయం వల్ల వచ్చిందనిపిస్తుంది. ఇవ్వాళ పట్టుకోకపోతే రేపటిదాకా లేవన్న భయం. కొళాయి ఎప్పుడు తిప్పినా నీళ్లు వచ్చే ఊళ్లో సంపు తవ్వుకునేవాడు ఉండడు.

మోటారు కొనలేని ఇళ్లలో ఏం చేస్తారో మీరు మండల పర్యటనల్లో చూసే ఉంటారు, బహుశా జీపులోంచి. ఇంటి ముందు గుంత తవ్వుతారు. మూడడుగుల లోతు, అడుగున కాస్త సిమెంటు, బిందె పెట్టుకోవడానికి ఒక నాపరాయి. రోడ్డు కింద నుంచి వచ్చే పైపును కోసి ఆ గుంతలోకి వంచుతారు. కొళాయి తల ఉండదు, ఉంటే అడ్డం. ఆడమనిషి లోపలికి దిగి, వంగి, బిందె నింపి, గట్టు మీదికి ఎత్తి పెట్టి, మళ్లీ ఇంకో బిందె అందుకుంటుంది. మూడడుగులంటే మీటరుకు కాస్త తక్కువ. పన్నెండు మీటర్ల ట్యాంకు కట్టినవాళ్లకు ఆ మీటరు ఒక లెక్కలోది కాదు. చివరి వీధికి అదే మొత్తం ఒత్తిడి. ట్యాంకు పైకి కట్టలేకపోయారు గనక భూమిని కిందికి తవ్వుకున్నారు. ఈ లోకంలో నేను చూసిన నీటి ఇంజనీరింగులో ఇంత చవకైనది, ఇంత తెలివైనది, ఇంత ప్రమాదకరమైనది ఇంకోటి లేదు.

ప్రమాదం ఎందుకంటే, ఆ గుంతలో ఎప్పుడూ కాసిని నీళ్లు నిలిచి ఉంటాయి. గిన్నెలు తోమిన నీళ్లు, వానకు వచ్చి చేరిన మురుగు, కోళ్లు తిరిగిన బురద. తల లేని పైపు నోరు అందులోనే మునిగి ఉంటుంది. పైపులో ఒత్తిడి ఉన్నంతసేపూ నీరు బయటికే పోతుంది. అతుకు దగ్గర చిల్లి ఉన్నా బయటికే కారుతుంది, నీళ్లు వృథా అవుతాయే తప్ప విషం కావు. ట్యాంకు వాల్వు కట్టేయగానే, లేదా ఎగువ వీధిలో పది మోటార్లు పీల్చడం మొదలుపెట్టగానే, పైపులో ఒత్తిడి బయటి గాలి ఒత్తిడి కంటే కిందికి పడిపోతుంది. అప్పుడు అదే చిల్లి, అదే గుంతలోని పైపు నోరు లోపలికి పీలుస్తాయి. మర్నాడు పొద్దున ఆ నీళ్లే మొదటి బిందెలోకి వస్తాయి. ట్యాంకులో క్లోరిన్ సరిగ్గానే కలిపి ఉంటారు, ట్యాంకు దగ్గర తీసిన శాంపిల్ పరీక్షలో నెగ్గే ఉంటుంది. కర్ణాటకలోని హుబ్బళ్లి-ధార్వాడ్‌లో ఇరవైనాలుగు గంటలూ నీళ్లొచ్చే వార్డులనూ, అప్పుడప్పుడూ వచ్చే వార్డులనూ పక్కపక్కన పెట్టి పరిశోధకులు కొళాయి నీళ్లు పరీక్షించారు. అప్పుడప్పుడూ వచ్చే కొళాయిల్లోనే మలంతో వచ్చే బ్యాక్టీరియా ఎన్నో రెట్లు ఎక్కువగా దొరికింది. నీటిని శుద్ధి చేసే యంత్రం ట్యాంకు దగ్గర ఉంటుంది, నిజమే. ఆ శుద్ధిని ఇంటిదాకా కాపాడేది మాత్రం పైపులోని ఒత్తిడే.

2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్టను, కోవూరు వైపు హైవేను కోసేసింది గుర్తుందిగా. కరెంటు లేక పంపులు ఆగిన అలాంటి రోజుల్లో పైపులన్నీ ఖాళీ. చుట్టూ వరద నీళ్లు. ఖాళీ పైపు వరదలో మునిగి ఉంటే ఏమవుతుందో పై పేరా చదివినవాళ్లకు మళ్లీ చెప్పక్కర్లేదు.

ఇంతవరకూ భూమి పైన. మా తీరానికి భూమి కింద కూడా ఇదే తగువు ఉంది. అది ఇంకా పాతది.

పైపులో నీటి నడకనూ ఇసుకలో నీటి నడకనూ లెక్కకు తెచ్చింది చిత్రంగా ఒకే మనిషి. ఫ్రాన్సులోని దిజోన్ ఊరికి పన్నెండు కిలోమీటర్ల అవతలి ఊట నుంచి వాటంతో నీళ్లు తెచ్చిన హెన్రీ డార్సీ. ఇసుక సంగతి 1856లో ఆ ఊరి నీటి పథకం మీద రాసిన పుస్తకంలోనే ఉంది. ఆయన సూత్రం మన ఇసుక నేలకు అచ్చంగా అతుకుతుంది.

మన తీరపు ఇసుకలో పైన తీపినీళ్లు, కింద ఉప్పునీళ్లు. ఉప్పునీరు బరువు. సముద్రపు నీరు మంచినీటి కంటే నూటికి రెండున్నర పాళ్లు బరువెక్కువ. అందుకే నలభై మీటర్ల ఉప్పునీటి స్తంభాన్ని నిలబెట్టి ఉంచాలంటే నలభై ఒక్క మీటర్ల మంచినీరు కావాలి. దీన్ని తిరగేసి చూడండి: భూమిలో మంచినీటి మట్టం సముద్రమట్టానికి ఒక్క మీటరు పైన ఉంటే, దాని కింద దాదాపు నలభై మీటర్ల లోతు దాకా సముద్రం లోపలికి రాదు. నెదర్లాండ్స్ సైనిక ఇంజనీరు బేడన్ ఖైబెన్ 19వ శతాబ్ది చివర్లో ఒకసారి, జర్మనీలో హెర్జ్‌బర్గ్ 1901లో మరోసారి, ఒకరికొకరు తెలియకుండా ఇదే లెక్క తేల్చారు. నేలలో బంకమట్టి పొరలుంటే లెక్క కొంత మారుతుంది గానీ దిక్కు మారదు. భయపెట్టే భాగం రెండోది. పై మట్టం ఒక అడుగు పడిపోతే, అడుగున ఉప్పు నలభై అడుగులు పైకి లేవడానికి దారి తెరుచుకుంటుంది. వెంటనే కాదు, మెల్లగా. వెనక్కి పంపడం ఇంకా మెల్లగా.

మా పెద్దవాళ్లకు ఈ సూత్రం తెలియదు, దొరువు తెలుసు. ఇసుకలో ఏటవాలుగా, నిలువెత్తుకు కాస్త అటూఇటూ లోతు తవ్విన గుంట. ఊట నీరు అడుగున చేరుతుంది. రెండు కుండలు పట్టుకుని మనిషి ఇసుక వాలు మీదుగా దిగి, ముంచుకుని, ఎక్కి, నారుమళ్లకూ కూరపాదులకూ పోసేవాడు. మనిషి ఎంత ఎక్కి దిగగలడో అంతే నీళ్లు బయటికి వచ్చేవి. పై పొర మీద తేలే తీపినీరే వచ్చేది. అడుగున ఉన్న ఉప్పుకు కదలాల్సిన పని పడేది కాదు. బాపట్లలో ఉప్పునీటి వాడకం మీద పనిచేసే వ్యవసాయ పరిశోధన కేంద్రం ఇదే పద్ధతిని మెరుగుపరిచింది. లోతుకు పోకుండా ఇసుకలో అడ్డంగా చిల్లుల పైపులు పరిచి, వాటిని ఒక బావిలోకి కలిపి, అక్కడినుంచి పైపైనే తోడడం. దాన్ని సేద్యానికి సిఫారసు చేశారు. తాగునీటికీ ఇదే తీరులో ఆలోచించినవాళ్లు ఎంతమంది?

మనం చేసింది దీనికి వ్యతిరేకం. ఒకేచోట లోతుగా బోరు దింపి ఐదు హార్స్‌పవర్ల మోటారుతో లాగితే, బోరు చుట్టూ మంచినీటి మట్టం గిన్నెలా కుంగుతుంది. సరిగ్గా ఆ గిన్నె కిందనే ఉప్పు శిఖరంలా లేస్తుంది. అది మోటారు మూతిని అందుకున్న రోజున బోరు 'తిరిగిపోయిందని' అంటాం. సముద్రపు నీరు నూటికి రెండు పాళ్లు కలిస్తే చాలు, క్లోరైడు లీటరుకు 380 మిల్లీగ్రాములకు చేరుతుంది. మంచినీటికి భారత ప్రమాణం కోరేది 250. దీనికి తోడు రొయ్యల గుంటలు. ఉప్పునీటిని తెచ్చి తీపినీటి పొర నెత్తిన నిలబెడతాం. అప్పుడు ఒత్తిడి ఎటు పనిచేస్తుందో చెప్పాలా? మంచినీటి బావులు ఉప్పెక్కిపోతున్నాయన్న మాట 1996 డిసెంబరులో రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులోనే ఉంది. 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టమూ చేసింది. రొయ్య మా జిల్లాకు తిండి పెడుతోంది, దాన్ని తిట్టి కూర్చోను. కానీ ఊరి తాగునీటి బోరుకు ఎంత దూరంలో ఉప్పు చెరువు ఉందో, ఆ బోరు ఎంత లోతు నుంచి రోజుకు ఎన్ని గంటలు లాగుతోందో ఒకే కాగితం మీద పెట్టి చూసే ఆఫీసు ఏది?

ఇలా చూస్తే ఎగువ వీధి మోటారూ తీరం బోరూ చేసేది ఒకే పని. అందరి కోసం నిలబెట్టిన ఒత్తిడిని ఒకరు వాడేసుకోవడం. పైపులో అయితే చివరి ఇల్లు ఎండిపోతుంది. ఇసుకలో అయితే సముద్రం లోపలికొస్తుంది.

వాటం విలువ మన జిల్లాకు ఒకరు నేర్పాల్సిన పని లేదు. 1983 ఒప్పందం ప్రకారం కృష్ణా నీళ్లు మన కండలేరు నుంచి తమిళనాడులోని పూండి దాకా నూటయాభై కిలోమీటర్లకు పైగా కాలువలో, వాటంతోనే నడిచిపోతాయి. 1996లో తొలిసారి అక్కడికి చేరాయి. ఆ నీళ్లు అందుకునే చెన్నైయే, అవి చాలక, 2010లో మీంజూరు దగ్గర సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే కర్మాగారం పెట్టుకుంది. అక్కడ ఉప్పును వడకట్టాలంటే నీటిని చదరపు సెంటీమీటరుకు యాభై అరవై కిలోల ఒత్తిడితో పొరలోకి తొయ్యాలి. మన ఓవర్‌హెడ్ ట్యాంకుల్లాంటివి నలభై యాభై ఒకదాని మీద ఒకటి పేర్చినంత ఎత్తు అది. ఇసుకలో ప్రకృతి ఊరికే నిలబెట్టిన మీటరు ఎత్తును పోగొట్టుకుంటే, తర్వాత కరెంటు బిల్లుతో కొనుక్కోవాల్సింది ఆ అరవై కిలోల్నే.

'చదును నేల, బీద ఊళ్లు, ఇరవైనాలుగు గంటలూ ఎలా కుదురుతుంది' అంటారేమో. పూరీ కూడా ఇదే బంగాళాఖాతం ఒడ్డున, ఇలాంటి చదును ఇసుక మీదే ఉంది. ఏటా రథయాత్రకు లక్షల జనం వచ్చి పడే ఊరు. 2021 జూలై 26న అక్కడ రోజంతా వచ్చే, కొళాయి నుంచి నేరుగా తాగగలిగే నీటి సరఫరాను ఒడిశా ప్రభుత్వం ప్రారంభించింది. పూరీకి దొరికిన డబ్బు ఇస్కపల్లికి దొరకదు, ఒప్పుకుంటాను. కానీ నేను పూరీని అడగడం లేదు. ముందు రెండు గంటలను ఆరు చేయండి. ఆ తర్వాత పన్నెండు. చివరి పాళేనికి ట్యాంకు నుంచి విడిగా ఒక లైను, మధ్యలో ఎవరికీ కనెక్షను ఇవ్వకుండా. ఎగువ ఇళ్ల కనెక్షన్ల దగ్గర ప్రవాహం ఒక హద్దు దాటకుండా చిన్న కంట్రోలు. ఒత్తిడి మరీ పెరిగితే పాత అతుకులు పగులుతాయి, కారే నీళ్లూ పెరుగుతాయి, ఆ జాగ్రత్తా మీ ఇంజనీర్లకు తెలుసు.

గేజు కొనడానికి ఫైలు నడవాలంటే, ఈలోగా మా మేస్త్రీ దగ్గర సాధనం ఒకటుంది. గోడల మట్టం చూసుకునే పారదర్శకమైన ప్లాస్టిక్ ట్యూబు. దాని ఒక కొస కొళాయికి బిగించి, రెండో కొసను కొబ్బరిచెట్టు పొడుగునా పైకి కట్టి, కొళాయి తిప్పండి. ట్యూబులో నీరు ఎక్కి ఎక్కి ఒకచోట ఆగుతుంది. నేల నుంచి అక్కడికి ఎన్ని మీటర్లుంటే ఆ ఇంటి ఒత్తిడి అన్ని మీటర్లు. గేజు అబద్ధం చెప్పొచ్చు గానీ ఇది చెప్పదు. ట్యూబు కట్టి ఉంచి, ఎగువ వీధిలో ఒక్కొక్క మోటారూ ఆన్ చేయిస్తూ చూస్తే, ప్రతి మోటారుకూ నీటిమట్టం ఒక జానో మూరో కిందికి జారుతుంది. చివరికి కొళాయి మూతి కంటే కిందికి పోతుంది. పోట్లాటలు ఎన్నో చూసిన ఊళ్లో కూడా ఆ జారుడు చూశాక మాట పెగలదు. మోటార్లు తీయించడానికి పోలీసుల కంటే ఈ ట్యూబే బాగా పనికొస్తుందని నా నమ్మకం. అయితే గంటలు పెంచుతామన్న మాట మీ వైపు నుంచి ముందు రావాలి. ఖాళీ చేతులతో మోటారు విప్పమంటే ఎవరూ విప్పరు.

ఇంకొక్క మనవి, ఇది కలెక్టర్ గారికి ప్రత్యేకం. కొత్త పైపులైన్ల ఎస్టిమేట్లు మీ మంజూరుకు వస్తాయి. వాటిలో పైపు పొడుగు ఉంటుంది, ధర ఉంటుంది, ఎన్ని ఇళ్లకో ఉంటుంది. రద్దీ వేళలో చివరి కొళాయి దగ్గర ఎన్ని మీటర్ల ఒత్తిడి మిగులుతుందన్న గడి ఒకటి చేర్పించండి. అది ఖాళీగా ఉన్న ఫైలు మీద సంతకం పెట్టకండి. లైను వేశాక అదే కొళాయి దగ్గర కొలిచి, అంకె కలిస్తేనే కాంట్రాక్టరుకు చివరి బిల్లు ఇప్పించండి. వేసవి పనుల కాగితాలు సంక్రాంతి దాటగానే కదలడం మొదలవుతాయి, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

ఇట్లు,
పెన్నకు దక్షిణాన, పైపు చివరనున్న ఒక పాళెం వాసి